పరుగు తర్వాత తెల్లకణాలు: పెరిగితే బలమా, తగ్గితే ముప్పా?

పొద్దున్నే గ్రౌండ్‌లో గట్టిగా పరుగెత్తిన ఓ కుర్రాడు, చెమట ఆరకముందే పక్క వీధి ల్యాబ్‌లో సీబీపీకి రక్తం ఇచ్చాడనుకుందాం. రిపోర్టులో టీసీ, అంటే మొత్తం తెల్లరక్తకణాల లెక్క, 13 వేలో 14 వేలో వస్తుంది. పెద్దవాళ్లలో మామూలుగా అది మైక్రోలీటరు రక్తానికి 4 వేల నుంచి 11 వేల మధ్య ఉంటుంది. ఇంకేముంది, "లోపల ఏదో ఇన్‌ఫెక్షన్ ఉంది" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. అదే కుర్రాడు స్నానం, టిఫిన్ కానిచ్చి రెండు గంటల తర్వాత మళ్లీ రక్తం ఇస్తే, ఈసారి తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు మామూలుకన్నా బాగా తక్కువ కనిపించవచ్చు. అప్పుడు "ఇమ్యూనిటీ పడిపోయింది" అంటారు. మర్నాడు పొద్దున మూడోసారి చేయిస్తే అంతా మామూలే.

మూడు రిపోర్టులు, ఒకే మనిషి, జబ్బేమీ లేదు. వేలకొద్దీ కణాలు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎక్కడికి పోయాయి అన్న ప్రశ్న చుట్టూ 120 ఏళ్లకు పైగా పరిశోధన నడుస్తోంది. అందులో చాలా భాగం ఒక పొరపాటును సరిదిద్దుకోవడానికే సరిపోయింది. రక్తంలో కనబడే లెక్కనే ఒంట్లో ఉన్న బలగం అనుకోవడం ఆ పొరపాటు.

దీనికి తెలుగులో "రోగనిరోధక శక్తి" అనే పేరు స్థిరపడటం కూడా కొంత ఇబ్బందే. శక్తి అనగానే ఫోన్ బ్యాటరీలో చార్జింగ్ లాగా ఒకే అంకె పెరగడం, తగ్గడం మనసులో మెదులుతుంది. కరోనా రోజుల్లో కషాయం పొడుల నుంచి బిస్కెట్ల దాకా అన్నీ "ఇమ్యూనిటీ బూస్టర్" పేరుతో అమ్ముడుపోవడానికి ఈ ఊహే కారణం. నిజానికి అది ఒక శక్తి కాదు, రకరకాల పనులు చేసే రకరకాల కణాల వ్యవస్థ. అందులో కొన్ని మరీ చురుకైతే అదే ఒక జబ్బు. కీళ్లవాతంలో కీళ్లను తినేసేది ఆ కణాలే.

రక్తం దారి మాత్రమే

1902లో రాల్ఫ్ లారబీ అనే అమెరికన్ వైద్యుడు బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన నలుగురి రక్తం పరీక్షించి ఫలితాలు అచ్చువేశాడు. తెల్లకణాలు బాగా పెరిగాయి, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. సూక్ష్మజీవి చొరబడితే ముందుగా పరుగెత్తుకొచ్చే కణాలివి. ఆ రక్తం చూస్తే జబ్బుమనిషి రక్తంలాగే ఉంది. ఒళ్లు ఓర్చుకోగల హద్దు దాటి శ్రమపడితే ఇలా అవుతుందని ఆయన భావించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా చాలాకాలం అదే దారిలో నడిచారు. ఎందుకంటే సూదితో తేలిగ్గా తీసి మైక్రోస్కోపు కింద పెట్టగలిగింది రక్తం ఒక్కటే. ప్లీహాన్నో, పేగు గోడనో పరుగు పందెం ముగిసిన చోట కోసి చూడలేరు కదా.

కానీ ఈ కణాలు కాపురం ఉండేది రక్తంలో కాదు. ఒంట్లో ఉన్న మొత్తం లింఫోసైట్లలో ఏ క్షణాన చూసినా రక్తంలో తిరిగేవి దాదాపు 2 శాతమే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, ఎముక మజ్జలో, పేగుల గోడల్లో, టాన్సిల్స్‌లో ఉంటాయి. న్యూట్రోఫిల్స్ కథ ఇంకొంచెం చిత్రం. రక్తనాళాల్లో ఉన్నవాటిలోనే దాదాపు సగం ప్రవాహంలో కొట్టుకుపోకుండా ఊపిరితిత్తులు, ప్లీహం, కాలేయంలోని సన్నని నాళాల గోడలకు అంటిపెట్టుకుని ఉంటాయి. మోచేతి దగ్గర సూది గుచ్చితే అవి దొరకవు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర భోగికి ముందురోజు ఒక మనిషి కూర్చుని కార్లు లెక్కపెడుతున్నాడనుకోండి. లెక్క మామూలు రోజుకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. దాన్ని చూసి ఒక్క రాత్రిలో జనాభా పెరిగిందని ఎవరూ అనరు, ఇళ్లలో ఉన్నవాళ్లు రోడ్డెక్కారంతే. సంక్రాంతి రోజు మధ్యాహ్నం అదే గేటు బోసిపోతుంది. అంతమంది ఏమైపోయారని ఎవరూ కంగారు పడరు, ఊళ్లకు చేరి ఉంటారని అందరికీ తెలుసు. రక్తం విషయంలో మాత్రం శాస్త్రవేత్తలు చాలాకాలం ఆ రెండో రోజు లెక్క చూసి కంగారు పడ్డారు.

ఎవరు ముందు బయటికొస్తారు

వ్యాయామం మొదలైన కొద్ది నిమిషాల్లోనే రెండు సంగతులు జరుగుతాయి. గుండె వేగం పెరిగి రక్తం ఉరవడి ఎక్కువవుతుంది. గోడలకు అంటుకుని ఉన్న కణాలు ఆ ఒరిపిడికి పట్టు తప్పి ప్రవాహంలో పడతాయి. రెండోది, అంతకన్నా ముఖ్యమైంది, అడ్రినలిన్. ఈ హార్మోన్ తెల్లకణాల మీదున్న బీటా-2 గ్రాహకాలకు, అంటే దాని కబురు అందుకునే తలుపుల్లాంటివాటికి, తగులుకోగానే కణం గోడను పట్టుకున్న పట్టు సడలిస్తుంది. అలిపిరి మెట్లు ఆపకుండా గబగబా ఎక్కే మనిషిలో, మొదటి గోపురం దాటేలోపే ఇదంతా మొదలైపోయి ఉంటుంది.

అయితే అన్ని కణాలూ ఒకేలా కదలవు. బీటా-2 గ్రాహకాలు ఏ కణం మీద ఎక్కువుంటే అది ముందు కదులుతుంది. లింఫోసైట్లలో అందరికన్నా ముందుండేవి నేచురల్ కిల్లర్ కణాలు, పొట్టిగా ఎన్‌కే కణాలు. వైరస్ సోకిన కణాన్నో, దారితప్పి క్యాన్సర్ వైపు మళ్లిన కణాన్నో చూడగానే చంపడం వీటి పని. గట్టి వ్యాయామంలో రక్తంలో వీటి సంఖ్య కొన్ని రెట్లు పెరుగుతుంది. వాటి వెనక గామా-డెల్టా టీ కణాలు, ఆ తర్వాత సీడీ8 టీ కణాలు. మిగతావాటికి దారి చూపే సీడీ4 టీ కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు పెద్దగా కదలవు.

ఒక్కో జాతి లోపల కూడా ఎంపిక ఉంటుంది. సీడీ8 కణాల్లో ఇంతకుముందు శత్రువును చూసి, పోరాడి, ఆ గుర్తు మిగుల్చుకున్న పాతకాపులు ముందు వస్తాయి. ఇంకా దేన్నీ ఎదుర్కోని కొత్త కణాలు లింఫు గ్రంథుల్లోనే ఉండిపోతాయి. అంటే వ్యాయామానికి బయటపడే గుంపు అడ్డదిడ్డంగా చేరిన జనం కాదు. చంపడం తెలిసినవి, నాళాల్లోంచి కండలోకి, ఊపిరితిత్తిలోకి దూరడం తెలిసినవి ఏరికోరి వచ్చినట్టు ఉంటుంది.

ఇది అడ్రినలిన్ పనేనని ఎలా రుజువైంది? బీపీ, గుండె మాత్రల సాయంతో. బీటా-1 గ్రాహకాన్ని ప్రధానంగా ఆపేది బిసోప్రొలాల్. బీటా-1, బీటా-2 రెండింటినీ ఆపేది నడొలాల్. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ మందులు ఇచ్చి సైకిల్ తొక్కించారు. బిసోప్రొలాల్ వేసుకున్నప్పుడు ఎన్‌కే, సీడీ8 కణాలు మామూలుగానే బయటికొచ్చాయి. నడొలాల్ వేసుకున్నప్పుడు ఆ పెరుగుదల బాగా అణిగిపోయింది. కాళ్లు ఎంత ఆడినా, ఆ ఒక్క తలుపు మూసేస్తే కణాలు ఇల్లు కదలలేదన్నమాట.

కండరం కదలకపోయినా ఇదే జరుగుతుందని చూపించిన ప్రయోగం ఇంకొకటి ఉంది. 1990ల మొదట్లో జర్మనీలో, మొట్టమొదటిసారి పారాచూట్‌తో విమానంలోంచి దూకేవాళ్ల రక్తం పరీక్షించారు. దూకిన వెంటనే ఎన్‌కే కణాలు పెరిగాయి, గంట తర్వాత మొదటికన్నా కిందికి పడిపోయాయి. వ్యాయామంలో కనిపించే గ్రాఫే. టెన్షన్ అయినా, పరుగైనా ఒంటికి అందే కబురు ఒకటే: పోరాటమో, పారిపోవడమో జరగబోతోంది, దెబ్బ తగలొచ్చు, సిద్ధంగా ఉండు.

ఇక్కడే ఒక చిన్న లెక్కల మతలబు కూడా ఉంది. గట్టి శ్రమలో రక్తంలోని నీరు కొంత కండరాల్లోకి, కొంత చెమటగా బయటికి పోతుంది. ప్లాస్మా 10 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గవచ్చు. రక్తం చిక్కబడితే అవే కణాలు చుక్కకు ఎక్కువగా కనబడతాయి. జాగ్రత్తగా చేసే అధ్యయనాల్లో ఈ తేడాను తీసేసి చెబుతారు. ల్యాబ్ రిపోర్టులో ఎవరూ తీసెయ్యరు.

గంట తర్వాత ఖాళీ అయ్యే రోడ్డు

పరుగు ఆగగానే అడ్రినలిన్ నిమిషాల్లో దిగిపోతుంది. ఈలోగా కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ రంగంలోకి వస్తుంది, ముఖ్యంగా గంటకు మించిన శ్రమ తర్వాత. దాని ప్రభావం రెండు వైపులా ఉంటుంది. ఎముక మజ్జలోంచి న్యూట్రోఫిల్స్‌ను విడుదల చేయిస్తుంది కాబట్టి, పరుగు ఆపి కొన్ని గంటలైనా వాటి లెక్క ఇంకా పెరుగుతూనే ఉంటుంది. లింఫోసైట్లను మాత్రం రక్తంలోంచి అవయవాల్లోకి పంపుతుంది. అందుకే సుదీర్ఘమైన పరుగు తర్వాత ఒకటి రెండు గంటల్లో లింఫోసైట్లు, మొదలుపెట్టక ముందున్న స్థాయికన్నా 30 నుంచి 60 శాతం దాకా తగ్గిపోతాయి. ఎన్‌కే కణాల్లో ఈ పతనం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాదాపు 24 గంటల్లో అన్నీ సర్దుకుంటాయి.

ఈ పల్లాన్ని చూసే 1990లలో "తెరిచిన కిటికీ" సిద్ధాంతం పుట్టింది. కోపెన్‌హాగెన్‌లో పనిచేసే పరిశోధకురాలు బెంటే క్లార్లుండ్ పెడర్సన్ పేరు దీనితో ముడిపడి ఉంది. గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు కాపలా పలచబడుతుందని, వైరస్‌లు దూరడానికి కిటికీ తెరుచుకున్నట్టేనని దీని సారాంశం. అప్పటికే దీనికి సరిపోయే లెక్కలు కొన్ని ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గర జరిగే 56 కిలోమీటర్ల టూ ఓషన్స్ పరుగు మీద 1983లో ఒక అధ్యయనం వచ్చింది. పరుగు తర్వాతి రెండు వారాల్లో పరుగెత్తినవాళ్లలో 33.3 శాతం మందికి జలుబు, గొంతునొప్పి లాంటివి వచ్చాయి. పరుగెత్తనివాళ్లలో 15.3 శాతం మందికే వచ్చాయి. 1987 లాస్ ఏంజెలిస్ మారథాన్ తర్వాత అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ నీమన్ బృందం 2,311 మందిని అడిగింది. పందెం తర్వాతి వారంలో జబ్బుపడ్డామని చెప్పినవాళ్లు పరుగెత్తినవాళ్లలో 12.9 శాతం. అంతే శిక్షణ ఉండి ఆ రోజు వేరే కారణాలతో పరుగెత్తనివాళ్లలో 2.2 శాతం.

ఈ అంకెలు చూస్తే కేసు మూసేసినట్టే అనిపిస్తుంది. ముప్పై ఏళ్లపాటు కోచ్‌లు, క్రీడా వైద్యులు అలాగే అనుకున్నారు. మితంగా చేస్తే మేలు, అతిగా చేస్తే కీడు అని "జె" ఆకారపు గీత ఒకటి గీసి పాఠ్యపుస్తకాల్లో పెట్టారు. మన పెద్దల "అతి సర్వత్ర వర్జయేత్"కు అతికినట్టు సరిపోతుంది కాబట్టి, తెలుగు ఆరోగ్య పేజీల్లోనూ ఇది బాగానే చెలామణీ అయింది.

చిక్కేమిటంటే, ఆ అధ్యయనాల్లో జబ్బుపడ్డారో లేదో చెప్పింది పరుగెత్తినవాళ్లే. గొంతు గరగరలాడితే జలుబు కింద రాసుకున్నారు. మూడు నాలుగు గంటలు నోటితో ఎండుగాలి పీలుస్తూ పరుగెత్తితే వైరస్ అక్కర్లేకుండానే గొంతు మండుతుంది. 2007లో ఒక బృందం ఇలా లక్షణాలు చెప్పిన అథ్లెట్ల నమూనాలు తీసి వెతికితే, దాదాపు 30 శాతం సందర్భాల్లోనే సూక్ష్మజీవి దొరికింది. 2000 సంవత్సరపు స్టాక్‌హోమ్ మారథాన్ మీద జరిగిన అధ్యయనంలో అయితే పరుగుకు ముందు మూడు వారాల్లో 17 శాతం మంది, తర్వాత మూడు వారాల్లో 19 శాతం మంది జబ్బుపడ్డామన్నారు. తేడా ఉందని చెప్పుకోవడానికి కూడా లేదు.

పైగా మారథాన్ అంటే పరుగొక్కటే కాదు. వేలమంది మధ్య తోసుకుంటూ నిలబడటం, విమాన ప్రయాణం, ముందురాత్రి నిద్ర పట్టకపోవడం, టెన్షన్ కూడా అందులో భాగమే. నిద్ర సంగతే చూడండి. 2015లో అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో కావాలనే జలుబు వైరస్ వేసి చూశారు. రాత్రికి 6 గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు జలుబు వచ్చే అవకాశం, 7 గంటలకు పైగా పడుకునేవాళ్లకన్నా 4 రెట్లకు పైగా ఉంది. పందెం ముందు రాత్రి హోటల్ గదిలో దొర్లిన మనిషికి వచ్చిన జలుబును పరుగు ఖాతాలో వేయడం న్యాయమేనా?

మరి ఆ కణాలు ఏమయ్యాయి? జర్మనీలో కార్‌స్టెన్ క్రూగర్ బృందం 2008లో ఎలుకల టీ కణాలకు మెరిసే రంగు అంటించి, వాటిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ఆ రంగు ఎక్కడ తేలుతుందో చూసింది. ఊపిరితిత్తుల్లో, పేగు గోడల్లోని లింఫు కణాల గుంపుల్లో, ఎముక మజ్జలో తేలింది. ఊపిరితిత్తులు, పేగులు అంటే బయటి ప్రపంచం ఒంట్లోకి దూరే రెండు పెద్ద గుమ్మాలు. మాయమైపోయాయనుకున్న కణాలు ఆ గుమ్మాల దగ్గర కాపలాకు చేరాయి. సంక్రాంతి రోజు టోల్‌గేటు బోసిపోయిందంటే ఊళ్లు నిండాయనే కదా.

2018లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీకి చెందిన జాన్ క్యాంప్‌బెల్, జేమ్స్ టర్నర్ ఈ వాదనలన్నీ పోగేసి, వ్యాయామం వల్ల ఇమ్యూనిటీ అణగారుతుందన్నది అపోహేనని గట్టిగా రాశారు. అందరూ ఒప్పుకోలేదు. 2020లో ఈ రంగంలోని పెద్ద పేర్లు రెండు జట్లుగా చీలి, నీమన్ సహా, ఒకే వ్యాసంలో ఎదురెదురుగా వాదించుకున్నాయి. సాక్ష్యాల బరువు ఇప్పుడు బాత్ జట్టు వైపే మొగ్గుతున్నట్టు కనబడుతుంది. కనీసం రక్తంలో లింఫోసైట్లు తగ్గడమే కాపలా తగ్గడం అన్న వాదన నిలబడలేదు. నెలల తరబడి చాలినంత తినకుండా, నిద్ర చాలకుండా, విశ్రాంతి లేకుండా శిక్షణలో నలిగే అథ్లెట్ల సంగతి వేరు. అక్కడ కీడు నిజమే కావచ్చు, కానీ దానికి పరుగొక్కటే బాధ్యత వహించదు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు కోసం చీకటితోనే లేచి, సరిగా తినకుండా గ్రౌండ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఆలోచించాల్సింది ఆ తిండి, నిద్ర గురించే.

ఏళ్ల తరబడి చేస్తే

రోజూ వ్యాయామం చేసే మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు సీబీపీ చేయిస్తే ఏం కనిపిస్తుంది? దాదాపు ఏమీ కనిపించదు. కదలకుండా కూర్చునే పక్కింటాయన రిపోర్టుకీ, ఈయన రిపోర్టుకీ తెల్లకణాల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. వ్యాయామం కణాలను "పెంచుతుంది" అని నమ్మేవాళ్లకు ఇది నిరాశే. తేడా ఉన్న చోట సీబీపీ చూడదు.

ఆ తేడాల్లో ఒకటి ఇన్‌ఫ్లమేషన్, అంటే రక్షణ కణాలు ఒంట్లో రేపే వాపు, మంట. పొట్టచుట్టూ కొవ్వు పేరుకున్న ఒంట్లో, జబ్బేమీ లేకపోయినా, సన్నని సెగలాగా ఏళ్ల తరబడి అది రగులుతూ ఉంటుంది. షుగర్, గుండెజబ్బు రెండింటి వెనకా దాని చెయ్యుంది. కండరం కదిలినప్పుడు ఐఎల్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుందని పెడర్సన్ బృందం 2000 ప్రాంతంలో చూపించింది. మారథాన్ లాంటి శ్రమలో ఇది 100 రెట్ల దాకా పెరగగలదు. మొదట ఇది అందరినీ తికమకపెట్టింది, ఎందుకంటే ఐఎల్-6 అంటే అప్పటిదాకా జబ్బు సంకేతమే. కరోనా వార్డుల్లో డాక్టర్లు భయంగా చూసిన అంకె కూడా అదే. కానీ కండరం నుంచి కాసేపు వచ్చి పోయే ఐఎల్-6 వెంట మంటను ఆర్పే పదార్థాలు వస్తాయి.

దీన్ని తేల్చిన ప్రయోగం 2003లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు బ్యాక్టీరియా పైపొరలో ఉండే విషాన్ని అతి కొద్ది మోతాదులో ఎక్కించారు. ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కిస్తే, ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే టీఎన్‌ఎఫ్ రక్తంలో రెండు మూడు రెట్లు పెరిగింది. అదే మనుషులు మూడు గంటల సైకిల్ తొక్కుడు మధ్యలో అదే విషం ఎక్కించుకుంటే టీఎన్‌ఎఫ్ పెరగలేదు. పని చేస్తున్న కండరం నిప్పు రాజుకోనివ్వలేదు. పెడర్సన్ ప్రయోగశాలకు ఇందులోనూ భాగముంది. తెరిచిన కిటికీ గురించి భయం చెప్పిన చోటే, వ్యాయామం చేసే మేలును వివరించే గట్టి సాక్ష్యమూ దొరికింది.

ముసలితనంలో తేడా ఇంకో రకం. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి కొత్త టీ కణాలకు బడి లాంటిది. యవ్వనం నుంచే అది కుంచించుకుపోతూ వస్తుంది. 2018లో బర్మింగ్‌హామ్, లండన్ పరిశోధకులు 55 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 125 మంది సైక్లిస్టుల రక్తం చూశారు. వీళ్లు మామూలు సైకిలిస్టులు కారు. మగవాళ్లయితే 100 కిలోమీటర్లు ఆరున్నర గంటల్లో, ఆడవాళ్లయితే 60 కిలోమీటర్లు ఐదున్నర గంటల్లో తొక్కగలగాలి. అదే వయసులో కదలకుండా ఉన్నవాళ్లకన్నా వీళ్లలో థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టీ కణాలు చాలా ఎక్కువున్నాయి, కుర్రవాళ్ల స్థాయికి దగ్గరగా. పత్రికల్లో దీన్ని వయసును వెనక్కి తిప్పినట్టు రాశారు. అదే వ్యాసంలో ఉన్న ఇంకో సంగతి మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. వయసుతో పేరుకునే అలసిన సీడీ8 కణాలు సైక్లిస్టుల్లోనూ తగ్గలేదు. పైగా జీవితమంతా సైకిల్ తొక్కగలిగినవాళ్లు ముందునుంచే గట్టివాళ్లేమో అన్న అనుమానం ఇలాంటి పోలికల్లో ఎప్పుడూ ఉంటుంది.

ఆ అనుమానం జలుబుల మీద, కరోనా మీద వచ్చిన లెక్కలకూ వర్తిస్తుంది. నీమన్ 2011లో దాదాపు వెయ్యిమందిని 12 వారాలు గమనించి, వారంలో 5 రోజులో అంతకన్నా ఎక్కువో వ్యాయామం చేసేవాళ్లకు, వారంలో ఒక రోజుకు మించి చేయనివాళ్లకన్నా జలుబు రోజులు 43 శాతం తక్కువని చెప్పాడు. కాలిఫోర్నియాలో 48,440 మంది కోవిడ్ రోగుల రికార్డులు చూసిన 2021 అధ్యయనంలో, బద్ధకంగా ఉన్నవాళ్లు ఆస్పత్రిలో చేరే అవకాశం, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లకన్నా రెండింతలకు పైగా ఉంది. మరణాల్లోనూ అంతే. అంకెలు బలమైనవే. కానీ నడవలేని మనిషికి నడకను ఆపిన జబ్బు కూడా ఏదో ఉండే ఉంటుంది. చీటీలు తీసి సగంమందికి వ్యాయామం చెప్పి, సగంమందికి చెప్పకుండా చేసిన ప్రయోగాలను వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2020లో పోగేసి చూస్తే, జలుబులు వచ్చే సంఖ్య తగ్గినట్టు తేలలేదు. వచ్చినప్పుడు తీవ్రత మాత్రం తగ్గవచ్చని తేలింది.

క్యాన్సర్ విషయంలో ఎన్‌కే కణాల కథ ఒక ఆసక్తికరమైన మలుపు తిరిగింది. 2016లో కోపెన్‌హాగెన్‌లో పెర్నిల్ హోమన్ బృందం కొన్ని చిట్టెలుకల బోనుల్లో చక్రాలు పెట్టి, అవి ఎంత కావాలంటే అంత పరుగెత్తనిచ్చింది. వాటిలో కణితుల పెరుగుదల 60 శాతానికి పైగా తగ్గింది, కణితుల లోపల ఎన్‌కే కణాలు ఎక్కువ కనిపించాయి. ఆ కణాలను తీసేసినా, అడ్రినలిన్ పనిచేయకుండా మందు ఇచ్చినా మేలు పోయింది. పరుగు లేకుండా అడ్రినలిన్ సూది మాత్రమే ఇస్తే పూర్తి ఫలితం రాలేదు. దారి చూపించడానికి కండరం వదిలే ఐఎల్-6 కూడా కావాల్సి వచ్చింది. మనుషుల్లో 2025లో వచ్చిన, ఛాలెంజ్ అని పేరున్న ట్రయల్ పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిని తీసుకుంది. శిక్షకుల సాయంతో మూడేళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 80.3 శాతం మంది ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. పుస్తకాలు ఇచ్చి సలహా మాత్రం చెప్పిన గుంపులో అది 73.9 శాతం. ఎలుకల్లో చూసిన ఎన్‌కే కణాలే ఇక్కడా పనిచేశాయని ఆ ట్రయల్ రుజువు చేయలేదు. రెండింటినీ కలిపి కుట్టేసే వార్తలను కాస్త దూరం నుంచే చదవాలి.

ఇంకో సంగతి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా కుర్రాళ్ల మీద జరిగినవి. సీఎంవీ అనే వైరస్ ఒకసారి సోకితే జీవితాంతం ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, చాలామందికి హాని చేయదు. కానీ అది ఉన్నవాళ్లలో వ్యాయామానికి సీడీ8 టీ కణాలు ఎక్కువగా, ఎన్‌కే కణాలు తక్కువగా బయటికొస్తాయి. పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్లలో సుమారు సగంమందికి ఆ వైరస్ ఉంటే, భారతదేశంలో దాదాపు అందరికీ ఉంటుంది. కాబట్టి విదేశీ గ్రాఫును తెచ్చి గుంటూరు మనిషి మీద అచ్చం అలాగే అతికించడం కుదరదు.

టీకా వేయించుకున్న రోజు ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఒక చిన్న సమాధానం ఉంది. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఫ్లూ, కోవిడ్ టీకాలు వేశాక 90 నిమిషాలు తేలికపాటి నడకో, సైకిలో తొక్కించి చూస్తే, తర్వాతి వారాల్లో యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. 45 నిమిషాలు తొక్కితే ఆ తేడా లేదు. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే. అందరూ చేయాలని చెప్పేంత సాక్ష్యం కాదు గానీ, టీకా వేసుకుంటే నడవకూడదన్న భయం అక్కర్లేదని చెప్పడానికి సరిపోతుంది.

జ్వరం ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా తాకుతాయి. ఆ సమయంలో గట్టిగా శ్రమిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. జ్వరం పూర్తిగా తగ్గి, ఒళ్లు తేలికపడేదాకా జిమ్‌కూ, గ్రౌండ్‌కూ దూరంగా ఉండాల్సిందే.

ఇక ల్యాబ్ సంగతి. సీబీపీకి పరగడుపు అక్కర్లేదు గానీ పరుగు తర్వాత వెళ్లకపోవడం మంచిది. ముందురోజు సాయంత్రం నుంచే గట్టి వ్యాయామం మానేస్తే న్యూట్రోఫిల్స్ కూడా సర్దుకుంటాయి. ప్లేట్‌లెట్లకూ ఇదే వర్తిస్తుంది. ఒంట్లోని ప్లేట్‌లెట్లలో దాదాపు మూడో వంతు ప్లీహంలో నిల్వ ఉంటాయి, శ్రమపడితే అవి కొన్ని బయటికొచ్చి లెక్క కాస్త పెరుగుతుంది. టీసీ 13 వేలు వచ్చి, జ్వరం గానీ నొప్పి గానీ లేకపోతే, యాంటీబయాటిక్ కొనడానికి మెడికల్ షాపుకు వెళ్లే ముందు, రక్తం ఇచ్చిన రోజు పొద్దున ఏం చేశారో డాక్టరుకు చెప్పాలి. రక్తం తీసేటప్పుడు పేరు, వయసు, షుగర్ ఉందా అని అడుగుతారు. గ్రౌండ్ నుంచి వస్తున్నారా అని సాధారణంగా ఎవరూ అడగరు.